ఎండకూ గాలికీ నిలిచే చెట్లే మనకు కావాలి

(రెండు జిల్లాల గ్రామ కమిటీ కార్యకర్తల శిక్షణ తరగతిలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



విత్తనాల గురించి, ఎరువుల గురించి, మద్దతు ధర గురించి మన తరగతుల్లో ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉంటాం. ఈసారి చెట్ల గురించి ఒక పూట కేటాయించాలని గ్రామ కమిటీలు అడిగాయి. ఎందుకు అడిగాయో మీకు తెలుసు. ఏటా వానాకాలంలో ఊరికి ఒక వ్యాను నిండా మొక్కలు వస్తాయి. బడి ఆవరణలో, రోడ్డు పక్కన, చెరువు గట్టున గుంతలు తీస్తారు. ఫొటోలు దిగుతారు. మరుసటి వేసవికి అక్కడ ఊతకర్రలు మాత్రమే కనిపిస్తాయి. మళ్లీ వానాకాలంలో అదే గుంత, అదే ఫొటో. 1950లో కె.ఎం. మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టిన నాటి నుంచి దేశమంతటా మొక్కలు నాటుతూనే ఉన్నారు. అన్నీ బతికి ఉంటే ఈపాటికి మన గరువులన్నీ అడవులై ఉండాలి.

నీళ్లు పోయలేదని, మేకలు తిన్నాయని అంటారు. అవీ నిజమే. కానీ వాటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. ఆ వ్యానులో ఏ మొక్కలు రావాలో ఎవరు నిర్ణయించారు? మన నేల చూసి, మన గాలి చూసి, మన అవసరం చూసి నిర్ణయించారా? లేక నర్సరీలో ఏది తొందరగా పెరిగి ఉంటే దాన్ని పంపించారా? ఈ రోజు మాట్లాడుకోవాల్సింది దీని గురించే.

మన వాతావరణం పెట్టే రెండు పరీక్షలు

అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దాదాపు దానికి రెట్టింపు, 1,100 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. కాగితం మీద చూసినవారికి మనది కరువు ప్రాంతం కాదు. కానీ ఆ వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబర్ లోపలే పడిపోతుంది. నవంబర్ దాటితే మే నెలాఖరు దాకా ఆకాశం వైపు చూడడమే. మన మెట్ట నేలల్లో చాలా భాగం ఎర్ర ఇసుక నేలలు. పడిన నీటిని పట్టి ఉంచవు. గెడ్డలు సంక్రాంతికే సన్నబడతాయి, చిన్న బందలు శివరాత్రికి ఎండిపోతాయి. గరువు మీద ఉన్న చెట్టుకు ఏడు నెలలు అనంతపురంలో ఉన్నట్టే. దాని వేరు లోతుకు దిగి నీరు వెతుక్కోగలిగితేనే బతుకుతుంది. ఇది మొదటి పరీక్ష.

రెండో పరీక్ష అక్టోబర్‌లో వస్తుంది. తేదీలు ఒకసారి గుర్తు చేసుకుందాం. పైలిన్ తుపాను 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబర్ 12న, హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర దాటింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస ప్రాంతంలో దాటింది. 2021 సెప్టెంబర్ 26న గులాబ్ కళింగపట్నం దగ్గర దాటింది. దసరా వచ్చిందంటే పండగతో పాటు గాలి భయం కూడా మనకు అలవాటైపోయింది.

ఆ సమయానికి చెట్టు పరిస్థితి ఏమిటో ఆలోచించండి. నాలుగు నెలల వానకు నేల నాని మెత్తబడి ఉంటుంది. కొమ్మలు నిండుగా ఆకు వేసి ఉంటాయి. అంటే గాలిని పట్టే తెరచాప పూర్తిగా విప్పి ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే నేల మాత్రం వదులుగా ఉంటుంది. వేసవిలో ఎంత గట్టిగా కనిపించిన చెట్టయినా అప్పుడే బయటపడుతుంది.

కాబట్టి వేరే జిల్లాలో, వేరే రాష్ట్రంలో బాగా వచ్చిందని తెచ్చి మన దగ్గర నాటితే సరిపోదు. ఎండను మాత్రమే తట్టుకునే చెట్టు అక్టోబర్‌లో కూలుతుంది. నీటికి అలవాటుపడిన చెట్టు మార్చిలో ఎండుతుంది. రెండు పరీక్షలూ నెగ్గే చెట్టు ఏదో చూసుకోవాలి.

తుపాన్లు ఏం చెప్పాయి

హుద్‌హుద్ తర్వాత విశాఖ వీధులు చూసినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. రోడ్ల పక్కన అందం కోసం, తొందరగా నీడ వస్తుందని వేసిన ఎర్రతురాయి, పచ్చతురాయి, నిద్రగన్నేరు చెట్లు వరుసలుగా పడిపోయాయి. వాటి గొడుగు వెడల్పు, వేరు పైపైనే, కొమ్మ పెళుసు. పైగా చుట్టూ సిమెంటు పోసి వేళ్లు పారే దారి మూసేశారు. అవి కరెంటు తీగల మీద, ఇళ్ల మీద, దారులకు అడ్డంగా పడ్డాయి. కరెంటు రావడం, నీరు రావడం, అంబులెన్సు రావడం అన్నీ ఆలస్యమయ్యాయి. చెట్టు ఎంపికలో జరిగిన పొరపాటు ప్రాణం మీదికి ఎలా వస్తుందో ఆ వారం రోజుల్లో చూశాం.

తిత్లీ దెబ్బ ఇంకో రకం. ఉద్దానం అంటే ఉద్యానవనం అని పేరు తెచ్చుకున్న ప్రాంతం. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడి తోటలే కుటుంబాల జీతం, పింఛను, పిల్లల చదువు. ఒక్క రాత్రిలో కొబ్బరి మొవ్వులు తిరిగిపోయాయి, జీడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. వరి పోతే మరుసటి ఏడాది మళ్లీ ఊడుస్తాం. కొబ్బరి పోతే కాపుకు ఆరేడేళ్లు, జీడి పోతే మంచి కాపుకు మరో ఆరేడేళ్లు. ఇసుక నేలలో పక్కకు పారే వేళ్లున్న చెట్లు, వాటికి సముద్రం వైపు అడ్డుగా మరే చెట్టూ లేని తోటలు ఎక్కువ దెబ్బతిన్నాయి.

అదే నేలలో అదే గాలికి నిలిచినవీ ఉన్నాయి. చేను గట్ల మీద తాటిచెట్లు చూడండి. కొన్ని పడ్డాయి, చాలా నిలిచాయి. పీచులా అల్లుకున్న వేళ్లు నేలను పట్టి ఉంటాయి. మాను వంగుతుంది గానీ విరగదు. తలమీద ఉన్న కాసిని ఆకులు గాలిని జారవిడుస్తాయి. పాత చింతలు, మర్రులు కొమ్మలు పోగొట్టుకున్నా, చాలాచోట్ల మొదలు నిలిచి మళ్లీ చిగురేశాయి. మన పెద్దలు ఊరి చుట్టూ వేసినవి ఇవే. నర్సరీలో ఇప్పుడు తక్కువగా దొరికేవీ ఇవే.

స్వదేశీ, విదేశీ అనే గీత ఒక్కటే చాలదు

స్వదేశీ చెట్లన్నీ మంచివి, విదేశీ చెట్లన్నీ చెడ్డవి అని కొందరు మిత్రులు అంటున్నారు. ఈ మాట పూర్తిగా నిలవదు. జీడిమామిడి బ్రెజిల్ నుంచి పోర్చుగీసువారు 16వ శతాబ్దంలో తెచ్చినదే. ఇవాళ అది లేకుండా పలాస లేదు. మన చింత కూడా ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చిందే. ఊరికి నాలుగు చింతలు లేని పల్లె మనకు తెలియదు. తీరంలో ఇసుకను ఆపుతున్న సరుగుడూ బయటిదే.

ఇటు తెచ్చి నాటి మోసపోయినవీ ఉన్నాయి. సర్కారు తుమ్మను 1877లో కడప జిల్లా కమలాపురంలో వంటచెరకు కోసం వేశారు. ఇప్పుడు రాష్ట్రమంతటా చెరువుల కడుపుల్లో, బంజర్లలో పాకిపోయింది. తీసేద్దామన్నా పోవడం లేదు.

స్వదేశీ అయినంత మాత్రాన ఒకే చెట్టును నమ్ముకోవడమూ ప్రమాదమే. 2018లో మన రాష్ట్ర వృక్షంగా వేపను ప్రకటించారు. సంతోషమే. కానీ ఈమధ్య ఏళ్లలో తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండుకుంటూ రావడం అందరం చూశాం. శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ కారణమని శాస్త్రవేత్తలు చెప్పారు. చాలా చెట్లు మళ్లీ చిగురించాయి గానీ, వరుసంతా వేపే అయినచోట వరుసంతా మోడైపోయింది. అందుకే ఏ రోడ్డుకైనా, ఏ గట్టుకైనా కనీసం నాలుగైదు రకాలు కలిపి వేయాలి.

చెట్టు ఎంచుకునేటప్పుడు ఐదు ప్రశ్నలు వేసుకోమని సంఘం సూచిస్తోంది. మొదటి రెండు వేసవులు దాటాక నీరు పోయకుండా బతుకుతుందా? అక్టోబర్ గాలికి నిలుస్తుందా? కాయో, ఆకో, మేతో, కలపో మనకు ఏదైనా ఇస్తుందా? పక్కనున్న పంటకూ బావికీ ఇంటికీ హాని చేయకుండా ఉంటుందా? నరికినా విరిగినా మళ్లీ చిగురిస్తుందా? ఐదింట్లో మూడింటికైనా అవునని జవాబు రాని మొక్కను ఊళ్లోకి రానివ్వకూడదు. మొదటి రెండింటికీ అవునని రావడం మాత్రం తప్పనిసరి.

ఎక్కడ ఏ చెట్టు

ఒకే చెట్టు అన్నిచోట్లా పనికిరాదు. చోటును బట్టి చూద్దాం.

గరువు గట్లు, మెట్ట చేల హద్దులు: ఇక్కడ తాటి మొదటిది. పంటకు నీడ చేయదు, ముంజె, తేగ, ఆకు, దూలం అన్నీ ఇస్తుంది. పన్నెండు పదిహేనేళ్లు పడుతుందని వెనకాడుతున్నాం గానీ ఖర్చు లేదు. టెంకను వానాకాలంలో నేరుగా గట్టులో పాతితే చాలు. సంచిలో పెంచి నాటితే దాని వేరు దెబ్బతింటుంది. దానితో పాటు సీతాఫలం, ఉసిరి, మునగ, పచ్చిరొట్టకు గ్లిరిసిడియా వేసుకోవచ్చు. గ్లిరిసిడియా కంచెకు పనికొస్తుంది, ఏటా కొమ్మ కొడితే చేనుకు ఎరువు.

పొలం దారులు, చెరువు గట్లు, కాలవ గట్లు: కానుగ, నేరేడు, తెల్లమద్ది. నీరు నిలిచినా కొన్నాళ్లు తట్టుకుంటాయి, ఎండిపోయినా బతుకుతాయి. కానుగ ఆకు వరిమడిలో తొక్కితే ఎంత బలమో మన తాతలకు తెలుసు. గింజ నుంచి నూనె, చెక్క వస్తాయి. ఒక జాగ్రత్త. తూము దగ్గర, మదుం దగ్గర పెద్ద వేళ్ల చెట్లు వేయకండి. వేరు కుళ్లిన దారిన నీరు కారి గట్టు తెగుతుంది.

రోడ్ల పక్కన, ఊరి మొగదల: చింత, వేప, నేరేడు, మామిడి, పొగడ. మన సువర్ణరేఖ మామిడి ఎంత మంచిదైనా, అంటు మొక్క కంటే టెంక మొక్క వేరు లోతుగా దిగుతుంది. రోడ్డు పక్కన టెంక మొక్కే మేలు. మర్రి, రావి, జువ్వి లాంటివి ఊరికి రెండో మూడో చాలు. అవి ఇంటి గోడకు, నూతికి దూరంగా రచ్చబండ దగ్గరో, సంతలోనో ఉండాలి. దారి పక్క చెట్టు కొత్త ఆలోచన కాదు. గంజాం జిల్లా జౌగడలో ఉన్న అశోకుని శిలాశాసనంలో, మనుషుల కోసం, పశువుల కోసం దారుల్లో బావులు తవ్వించి చెట్లు నాటించినట్టు ఉంది. మన కళింగ నేల మీద రెండు వేల రెండు వందల ఏళ్ల కిందట చెప్పిన సంగతి అది. జాతీయ రహదారి వెడల్పు చేసినప్పుడు పాత చింతలు, మర్రులు పోయాయి. వాటి చోట మధ్యలో గన్నేరు, కాగితంపూలు వచ్చాయి. ఎండలో బస్సు కోసం నిలబడిన మనిషికి వాటి నీడ సరిపోదు.

కళ్లం, పశువుల శాల, ఇంటి పెరడు: వేప, మునగ, అవిసె, పనస. ఇంటికి పడమర వైపు చెట్టు ఉంటే మధ్యాహ్నపు ఎండ గోడ మీద పడదు. ఏప్రిల్, మే నెలల్లో పశువు నీడలో ఉంటేనే మేస్తుంది, పాలు ఇస్తుంది. పెంకుటింటికి, రేకుల ఇంటికి ఆనుకుని మాత్రం పెద్ద చెట్టు వేయవద్దు. అది పెరిగాక ఎంత ఎత్తు ఉంటుందో అంత దూరంలో వేస్తే అక్టోబర్ రాత్రి నిద్ర పడుతుంది.

కరెంటు తీగల కింద: రేల, ఉసిరి, సీతాఫలం, కరివేపాకు వంటి పొట్టి చెట్లే. పెద్ద చెట్టు వేస్తే ఏటా తల నరకడం, తుపానుకు తీగల మీద పడడం తప్పదు.

సముద్రపు ఒడ్డు: ఇక్కడ ఒక వరుస చాలదు. నీటి వైపు మొగలి, దాని వెనక సరుగుడు, ఆ వెనక తాటి, పొన్న, గంగరావి, అప్పుడు తోట. ఉప్పుగాలిని, ఎగిరే ఇసుకను ఈ వరుసలు అంచెలంచెలుగా ఆపుతాయి. సరుగుడు నేలకు నత్రజనిని కూడా చేర్చుతుంది. కానీ ఒక్క సరుగుడునే వేసి, ఒక్కసారే కొట్టేస్తే ఆ ఏడాది తోటకు అడ్డు ఉండదు. ఒక వరుస కొట్టేనాటికి ఇంకో వరుస ఎదిగి ఉండాలి.

కొండ దిగువ, ఏజెన్సీ అంచు: సీతంపేట, పార్వతీపురం వైపు గిరిజన సోదరులకు ఇప్ప, చింత, ఉసిరి, నేరేడు ఇంటి ఆదాయంలో భాగం. అక్కడ కొత్తగా చెట్టు వేయడం కంటే ఉన్న చెట్టుకు నిప్పు తగలకుండా చూడడం, పక్కన లేచిన పిల్ల మొక్కను కాపాడడం ఎక్కువ ఫలితం ఇస్తుంది.

చెట్టును ఊరు కాపాడితే ఏం జరుగుతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. టెక్కలి మండలం తేలినీలాపురంలో ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు ఏటా వచ్చి ఊళ్లో చింతల మీద గూళ్లు కడతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చే నత్తగొట్టు కొంగలు వరిచేలల్లో నత్తలను ఏరుకుతింటాయి. పక్షి గూడు ఉన్న చెట్టును కొట్టకూడదని అక్కడివారు కట్టుబాటు పెట్టుకున్నారు. ఆ పాత చింతలు అందుకే మిగిలాయి.

వద్దని చెప్పాల్సినవి

కోనోకార్పస్ మొక్క తెస్తే తిప్పి పంపండి. ఏడాదంతా పచ్చగా ఉంటుందని, తొందరగా పెరుగుతుందని కాంట్రాక్టర్లకు ఇష్టం. దాని వేళ్లు నీటి గొట్టాల్లో, కాలవల్లో దూరుతున్నాయని, పుప్పొడితో జబ్బులొస్తున్నాయని ఫిర్యాదులు వచ్చాక తెలంగాణలో దీన్ని నాటడం ఆపారు. గుజరాత్ 2023లో నిషేధించింది. మనకు తినడానికి ఒక కాయ ఇవ్వని చెట్టును నీళ్లు పోసి పెంచాల్సిన అవసరం ఏముంది?

జామాయిల్ సంగతి కొంచెం వేరు. దాన్ని వేసే రైతును మనం తప్పుపట్టడం లేదు. కూలీలు దొరకక, అప్పులు తీరక, నాలుగైదేళ్లు చూసుకోకుండా వదిలేసినా రాయగడ, రాజమహేంద్రవరం కాగితపు మిల్లులకు కర్ర అమ్ముకోవచ్చని వేస్తున్నారు. కానీ పక్క రైతు నూతికి, ఊరి చెరువుకు ఆనుకుని వేస్తే నీరు లాగేస్తుంది. నీటి కొరత వల్లే కర్ణాటక 2017లో కొత్తగా జామాయిల్ వేయడాన్ని ఆపింది. ఊరి నీటి వనరుల దగ్గర వేయకూడదని గ్రామసభల్లో మనమే తీర్మానించుకోవచ్చు.

నాటేటప్పుడు

మంచి చెట్టును ఎంచుకుని చెడ్డగా నాటితే ఫలితం ఉండదు. సంచి చీల్చినప్పుడు వేరు అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ మొక్క వద్దు. ఆ చుట్ట ఎప్పటికీ విప్పుకోదు. పదేళ్ల తర్వాత మొదటి పెద్ద గాలికి ఆ చెట్టు కూలుతుంది. మూడు అడుగుల మొక్క చాలు, ఎత్తుగా ఉన్నదల్లా బలమైనది కాదు. గుంత వేసవిలోనే తీసి ఎండనివ్వాలి. నేల బాగా తడిశాక జూలై, ఆగస్టుల్లో నాటాలి. సెప్టెంబర్ దాటాక నాటితే వేరు ఊనకముందే వాన ఆగిపోతుంది. మొదలు చుట్టూ పళ్లెం కట్టి, సంక్రాంతి తర్వాత వరిగడ్డి గానీ ఎండుటాకు గానీ కప్పాలి. మొదటి రెండు వేసవులు వారానికోసారి నిండుగా పోయడం రోజూ చెంబుడు పోయడం కంటే మేలు, వేరు నీటి కోసం లోపలికి దిగుతుంది. వేప గింజ రాలిన రెండు మూడు వారాల్లోనే మొలకెత్తే శక్తి కోల్పోతుంది కాబట్టి ఏరిన వెంటనే వేయాలి. రోడ్ల పక్క, ఇళ్ల దగ్గర చెట్లకు తుపాను కాలానికి ముందు, ఆగస్టులో, ఎండుకొమ్మలు తీసేసి గుబురును పలచన చేయాలి. తల మొత్తం నరకడం మాత్రం చెట్టును చంపడమే.

మనం అడగాల్సినవి

మిత్రులారా, ఇదంతా రైతు ఒక్కడి చేతిలో లేదు. ప్రభుత్వం ముందు సంఘం ఈ కోర్కెలు పెడుతోంది.

మొదటిది, ఏ మొక్కలు ఎన్ని కావాలో గ్రామసభ ముందుగానే తీర్మానించాలి, నర్సరీలు ఆ జాబితా ప్రకారం పెంచాలి. నర్సరీలో మిగిలిన మొక్కలను ఊళ్ల మీదికి తోలడం ఆపాలి.

రెండోది, నాటిన మొక్కల లెక్క కాదు, మూడో వేసవి దాటి బతికిన చెట్ల లెక్క చూడాలి. ఆ మూడేళ్లూ నీరు పోసే, కాపలా కాసే పనికి ఉపాధి పథకం కింద కూలి ఇవ్వాలి.

మూడోది, 2002 వాల్టా చట్టం చెట్టును కాపాడడానికి వచ్చింది. దాని ఉద్దేశాన్ని మనం కాదనం. కానీ జామాయిల్, సరుగుడు, సుబాబుల్ కొట్టి తరలించడానికి మినహాయింపులున్నాయి. తన గట్టు మీద తాను పెంచిన మద్దినో, వేపనో కొట్టుకోవాలంటే మాత్రం రైతు ఆఫీసుల చుట్టూ తిరగాలి. అలాంటప్పుడు ఏ రైతు మద్ది వేస్తాడు? రైతు సొంత చేను చెట్లకు ఈ నిబంధనలు సులువు చేయాలని 2014 జాతీయ వ్యవసాయ అటవీ విధానమే చెప్పింది. నాటినప్పుడే పంచాయతీలో నమోదు చేయించుకున్న చెట్టుకు అనుమతి తేలికగా ఇవ్వాలి. ఊరి చెట్లకు, పాత చెట్లకు కాపలా గట్టిగానే ఉండాలి.

నాలుగోది, తుపానుకు చెట్టు పోతే పరిహారం ఆ ఒక్క ఏడాది కాపుకు కాదు, మళ్లీ కాపుకు వచ్చేదాకా పోయే ఆదాయాన్ని బట్టి లెక్కకట్టాలి. తోట కౌలుకు చేసేవారికి, తాటిచెట్టు మీద బతికే గీత కార్మికులకు అందులో వాటా ఉండాలి. పడిన మానులు తొలగించడానికి వెంటనే డబ్బు ఇవ్వాలి. కుళ్లిన కొబ్బరి మానుల్లో కొమ్ము పురుగు పెరిగి, మిగిలిన చెట్లనూ తినేస్తుంది.

ఐదోది, చెరువు గట్టు మీద, రోడ్డు పక్కన నీరు పోసి పెంచిన కుటుంబానికి ఆ చెట్టు కాయ మీద హక్కు రాతపూర్వకంగా ఇవ్వాలి. కాయ మీద హక్కున్న మనిషి ఆ చెట్టు దగ్గరికి మేకను రానివ్వడు.

ఈ తరగతి నుంచి వెళ్లాక ప్రతి గ్రామ కమిటీ చేయాల్సిన పని ఒకటుంది. వచ్చే వేసవి లోపల మీ ఊళ్లో ఉన్న పాత చెట్లన్నీ లెక్క రాయండి. ఏ చెట్టు, ఎక్కడ, ఏ తుపానుకు నిలిచింది, ఏది పడింది, ఏ వేసవికి ఎండింది. పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. ఆడవాళ్లను తప్పకుండా అడగండి, ఏ చెట్టు కట్టె బాగా మండుతుందో, ఏ ఆకు పశువు తింటుందో, ఏ చెట్టు కాయకు సంతలో ధర పలుకుతుందో వాళ్లకే ఎక్కువ తెలుసు. ఆ జాబితా పట్టుకుని గ్రామసభకు వెళ్లండి. మా ఊరికి ఈ మొక్కలు కావాలి, ఇవి వద్దు అని తీర్మానం రాయించి, ఒక ప్రతి జిల్లా కమిటీకి పంపండి. రెండు జిల్లాల జాబితాలనూ కలిపి సంఘం తరఫున కలెక్టర్లకు ఇస్తాం. వచ్చే వానాకాలం వ్యాను ఊళ్లోకి వచ్చినప్పుడు ఆ తీర్మానం మీ చేతిలో ఉండాలి.